నేను మింగిన చరణం

బతికి ఉన్న మనిషిని ప్రాచీన కాలపు మనిషిగా మార్చడానికి ఎంతసేపు పడుతుంది? వందేళ్లో రెండు వందల ఏళ్లో అని మీరనుకుంటే, నా తెలివితక్కువతనం ఎంతటిదో మీకు తెలియదన్నమాట. నాకు ఒక్క నిమిషం పట్టింది. ఎనిమిదో తరగతి సెలవుల్లో, మైకు ముందు కూర్చుని, నాలుగో వరుసలో ఆమె నిక్షేపంగా కూర్చుని ఉండగానే, మా పంతులమ్మను "ఎవరో పాతకాలం వాళ్లు" చేసేశాను. చేసిన పనికి మొదటి బహుమతి కూడా పుచ్చుకున్నాను.

ఈ సంగతి నాతోనే పోనీ అనుకున్నాను. కానీ మొన్నటి చలికాలం, నా దగ్గర సంగీతం నేర్చుకునే పిల్ల ఒకతి వాళ్లమ్మ ఫోను పట్టుకొచ్చి, "సార్, గీ పాట మంచిగుంది, నేర్పుండ్రి" అంది. తెర మీద పట్నంలోని పెద్ద సభ. జరీ పంచె కట్టుకున్న గాయకుడు కళ్లు మూసుకుని యదుకులకాంభోజి అందుకున్నాడు.

"ఎదురు జూసె నేల, ఏల రావే వానా..."

కింద రాసి ఉంది: సంప్రదాయ కృతి, కర్త తెలియదు.

ఆ "తెలియదు" అన్న మాట నాదే. నా నోటి నుంచి జారిపడి, ఇన్నేళ్లు ఊళ్లు తిరిగి, పట్టు బట్టలు కట్టుకుని మళ్లీ నా ముందుకే వచ్చింది. ఆ పిల్లకు "రేపు చెప్తా" అని పంపించాను. నా చిన్నప్పటి నుంచీ నా తప్పులన్నీ రేపటి మీదికే వాయిదా పడుతున్నాయి.

మా ఊరు రామన్నపేటకూ మోత్కూరుకూ నడుమ ఉంటుంది. నేను చెప్పబోయేది కొత్త రాష్ట్రం వచ్చిన తర్వాతి ఎండాకాలం. పదేళ్లు దాటాయో లేదో, అప్పుడే దాన్ని మాయమైన లోకం అంటున్నానని పెద్దవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. మా ఇంటి ముందరి మట్టి అర్ర, అంటే గది, లేదు. తాత మంద లేదు. తాతా లేడు. ఊళ్లో గొంగడి నేసే మగ్గం లేదు. పాటలు కావాలంటే మోత్కూరు దాకా సైకిలు తొక్కి, మెమొరీ కార్డులో నింపించుకుని, అది జేబులో ఎక్కడ విరుగుతుందోనని నడుం వంచకుండా తిరిగొచ్చిన పిల్లలు కూడా ఇప్పుడు లేరు. మీసాలు వచ్చేశాయి.

ఆ మట్టి అర్రలోనే పంతులమ్మ ఉండేది. తలుపు తీయగానే ముందు గొంగడి వాసన కొట్టేది. నల్లగొర్రె ఉన్ని, దానికి బిగువు కోసం పట్టించిన చింతగింజల గంజి, కట్టెల పొగ. చినుకు పడిందంటే చాలు, మంద మొత్తం లోపలికొచ్చి కూర్చున్నట్టుండేది. దాని వెనక ఆమె కాచుకునే అల్లం చాయ్ వాసన, ఎప్పుడో పగిలిన మందుసీసాలోంచి నేలలోకి ఇంకిన నీలగిరి తైలం.

ఆమె మోత్కూరులో సన్నాయి ఊదే ఇంటి బిడ్డ. తండ్రి పెళ్లిళ్లలో సన్నాయి ఊదుతుంటే డోలు పక్కన కూర్చుని విని పెరిగింది. ఆడపిల్ల చేతికి సన్నాయి ఇచ్చేవాళ్లు కాదు. "బాపు ఇంట్ల లేనప్పుడు ఒక్కసారి ఊదిన రా. ఊరి కాకులన్ని లేచినయి. మల్ల ముట్టలే" అనేది. చేతికి ఇవ్వని స్వరాలన్నీ ఆ తండ్రి ఆమె గొంతులో పోశాడు. పట్నం పంపి సంగీతంలో డిప్లొమా చదివించాడు. డిప్లొమా వచ్చింది, కచేరీలు రాలేదు. సర్కారు బడిలో తెలుగు చెప్పే కొలువు వచ్చింది. మొదట కట్టంగూరులో, తర్వాత మా ఊళ్లో.

ఒంటరి ఆడమనిషి, అందులోనూ తెల్లారకముందే రాగం తీసే మనిషి. ఊళ్లో ఎవరూ అర్ర కిరాయికి ఇవ్వలేదట. మా తాత ఇచ్చాడు. ఎందుకిచ్చావని ఎవరైనా అడిగితే చెప్పేవాడు: "నా మంద నూరు గొంతుకలతోని అరుస్తది. గందుల గీమె గొంతు ఒక్కటి ఎక్కువైతదా?"

వచ్చిన రోజు ఇంట్లో కుర్చీ లేదు. తాత భుజం మీది గొంగడి తీసి, నాలుగు మడతలేసి నేల మీద పరిచి, "కూసో పంతులమ్మా" అన్నాడు. మా దిక్కున ఇంటికొచ్చిన మనిషికి గొంగడి పరిస్తే, నువ్వు మా మనిషివి అన్నట్టే. ఆమె ఆ గొంగడి తిరిగి ఇవ్వలేదు, తాత అడగలేదు. కొలువు చేసినన్నాళ్లూ, కొలువు అయిపోయాక కూడా, ఆమె దాని మీదే కూర్చుని కృతులు కట్టింది. చిరుగు పడితే మా అవ్వ నల్లదారంతో కుట్టి, "గొంగడి పోగులకన్న నా కుట్లే ఎక్కువైనయి, నన్నుసుత పాటల పెట్టు" అని సతాయించేది.

పంతులమ్మ దేవుళ్ల మీద తక్కువ, మబ్బుల మీద ఎక్కువ రాసేది. ఎండిన బోరు మీద ఒక కృతి, దారి తప్పిన గొర్రెపిల్ల మీద ఒక కృతి. కృతి కట్టినవాళ్లు చరణంలో తమ గుర్తుగా ఒక మాట పెట్టుకుంటారు. దాన్ని ముద్ర అంటారు. చాలామంది తాము కొలిచే దైవం పేరు పెట్టుకుంటారు. ఆమె పెట్టుకున్న ముద్ర "గొంగడి".

"నీ పేరే పెట్టుకోవచ్చు గద టీచర్?" అని అడిగాను ఒకసారి.

"పేరు హాజరు పట్టీల ఉంటది. పాటల ముద్ర ఉండాలె. రాగం నాకన్న ముందుగాల్నుంచి ఉంది. మాటలు ఊరోళ్లయి. గా గొంగడి ఒక్కటే నాది. గదిసుత మీ తాత ఇచ్చిందే."

అందుకే ఆమె పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. రాస్తే ఒప్పుకోదు.

ఆమె పాఠం చెప్పే తీరు ఏ పుస్తకంలోనూ ఉండదు. మిశ్రచాపు తాళం నాకు ఎక్కకపోతే మంద దగ్గరికి తీసుకుపోయింది. మా మందలో ఒక కుంటి గొర్రె ఉండేది. "దాని కాళ్లు చూడు. మూడడుగులు తొందర తొందరగ, నాలుగడుగులు నిమ్మళంగ. తకిట, తకధిమి. ఇగ దాని వెనక నడువు" అంది. వారం రోజులు నేను గొర్రె వెనక నడిచాను. నా తోటివాళ్లు నా వెనక నడిచారు, నవ్వుకుంటూ.

యదుకులకాంభోజి మొదలుపెట్టిన రోజు తాతకు పట్టలేని సంతోషం. "మా యాదవ కులం పేరు మీద రాగముందా! గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే పంతులమ్మా?"

"చెప్తె నువ్వు పాడుతవేమోనని బుగులైంది" అంది ఆమె.

ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే నేను ఆమె శ్రుతిపెట్టెను ఎత్తుకుపోయి దొడ్లో మంద నడుమ పెట్టి మీట తిప్పాను. గొర్రెలన్నీ బిత్తరపోయి నిలబడ్డాయి. కుంటి గొర్రె మాత్రం మెడ చాచి పొడుగ్గా అరిచింది. వెనక్కి తిరిగితే పంతులమ్మ. వీపు మోగుతుందనుకున్నాను. ఆమె తల ఒక పక్కకు వంచి విని, "నీకన్న అదే శ్రుతిల ఉంది గదరా" అని పెట్టె తీసుకుని పోయింది. కొట్టినా అంత బాధపడేవాణ్ని కాదు.

ఆ ఎండాకాలమే పట్నంలో ఒక సంగీత సభ వాళ్లు పిల్లలకు పోటీ పెట్టారు. పాతది పాడొచ్చు, కొత్తది పాడొచ్చు. కొత్త కృతుల్లో మంచివని తోచినవాటిని ముద్రతో సహా పుస్తకంలో వేస్తామన్నారు. పంతులమ్మ అంతకుముందు తన కృతులను మూడుసార్లు పోస్టులో పంపింది. మూడుసార్లూ తిరిగొచ్చాయి. ఒకసారి "మాండలికం మోతాదు మించినది" అని రాసి, తక్కిన రెండుసార్లు అదీ రాయకుండా.

"కాయిదం మీద చూసి వద్దన్నరు. చెవుల పడితె ఏమంటరో చూద్దాం" అంది. అరవై దాటిన మనిషి. ఆమె కట్టిన ఒక్క పాటా అప్పటిదాకా ఏ సభ గడపా తొక్కలేదు. తొక్కించాల్సింది నేను.

వాన పాట ఎంచుకుంది. పల్లవిలో నేల ఎదురుచూస్తుంది. "పదును లేని చెలక పాదాలు బట్టెనే" అని అనుపల్లవిలో ఆ మెట్టనేల కాళ్లావేళ్లా పడుతుంది. చరణంలో, పిల్లలు మబ్బుల వైపు చూస్తున్నారని వానను ఇంటికొచ్చిన చుట్టంలా పిలుస్తుంది:

"గొంగడి పరిచితిని, కూసుండి పోవే
ముంగిట పిల్లలు మొగులు జూసిరే."

పాట ప్రాణం ఈ చరణంలోనే ఉంది. మిగతాదంతా బతిమాలడం. ఇక్కడ ఒక్కచోటే మర్యాద.

నలభై రోజులు పొద్దుపొద్దున్నే సాధన. అవ్వ మేకపాలలో మిరియాలు వేసి కాచి తాగించేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు కళ్ల ముందు పెట్టి, "పచ్చిపులుసు నీకు గాదు, గొంతు పడతది" అని తనే తినేది. ప్రయాణం రోజు తాత పంతులమ్మ గొంగడిని ఆమెను అడిగి మరీ తీసుకుని, మడతపెట్టి నా సంచిలో కుక్కాడు. "గద్దె మీద గిదేసుకొని కూసో. చదరు మీద కూసుంటె గొంతు లేస్తదా?"

సభ లోపల చల్లగా ఉంది. మల్లెపూలు, కాఫీ, కొత్త పట్టు వాసన. పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. పంతులమ్మ ముందే వెళ్లి హాల్లో కూర్చుంది. నేను సంచి కిందపెట్టగానే పట్టు లంగా కట్టుకున్న అమ్మాయి ముక్కు మూసుకుంది.

"ఏంటీ కంపు? ఎవరి బ్యాగులోనైనా మేక ఉందా?"

"మేక కాదే, గొర్రె" అన్నాడు ఇంకొకడు. "స్టేజీ మీద పాడమంటే మే అంటుందేమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు నవ్వింది వాసనను చూసి. నేను నవ్వింది దాన్ని మడతపెట్టి పంపిన తాతను. "నాది కాదు, ఎవరిదో" అని సంచిని కాలితో అటు జరిపాను. కాసేపటికి ఎవరూ చూడకుండా తీసుకుపోయి మెట్ల కింద చీకట్లో దాచాను.

నా పేరు పిలిచారు. తివాచీ మీద కూర్చుని పాట ఎత్తుకున్నాను. తాత చెప్పింది అబద్ధం, గొంతు లేచింది. పల్లవి, అనుపల్లవి సాగిపోయాయి. న్యాయనిర్ణేత, తెల్లని జుబ్బా వేసుకున్న మధ్యవయసు విద్వాంసుడు, కళ్లు మూసుకుని తల ఊపుతున్నాడు. పంతులమ్మ ఒడిలో చెయ్యి పెట్టుకుని తాళం వేస్తోంది. ఇక చరణం. అప్పటికే పాడేసి ముందు వరుసలో కూర్చున్న పట్టు లంగా అమ్మాయి నన్నే చూస్తోంది. "గొం" అనడానికి నోరు గుండ్రంగా తిప్పాను. ఆ పిల్ల ముక్కు మూసుకోవడం గుర్తొచ్చింది.

మింగేశాను. పల్లవికి తిరిగిపోయి పాట ముగించేశాను.

చప్పట్లు మోగాయి. విద్వాంసుడు కళ్లు తెరిచి, "అద్భుతం బాబూ! ఎవరిదీ కృతి? చరణం వినపడలేదు, ముద్ర తెలియడం లేదు" అన్నాడు.

చెప్పడానికి అదే చోటు. నలభై రోజులు, మూడు పోస్టు కవర్లు, ఆమె అరవై ఏళ్లు ఆ చోటు కోసమే ఎదురుచూశాయి. చెప్తే ముద్ర ఏమిటని అడుగుతాడు. గొంగడి అనాలి.

"పాతదండీ. మా ఊళ్లో పాడతారండీ. ఎవరు రాశారో తెలియదండీ" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక మా ఊళ్లో ఎవరినీ అండీ అనని నోరు, మూడు అండీలు వరసగా పెట్టింది.

ఆయన మైకు అందుకుని సభ వైపు తిరిగాడు. "విన్నారా! కర్త పేరు కాలంలో కలిసిపోయింది, కృతి నిలిచింది. ఈ కాలం వాళ్లు కట్టలు కట్టలు రాస్తారు, ఇలాంటి పల్లవి ఒక్కటి రాయగలరా?"

ఈ కాలం మనిషి నాలుగో వరుసలోనే ఉంది. లేచి నిలబడితే నేను అందరి ముందూ అబద్ధాలకోరునవుతాను. ఆమె లేవలేదు. చప్పట్లు కొట్టింది. అందరికన్నా ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికన్నా ముందు ఆపేసింది.

తంబురా బొమ్మ ఉన్న షీల్డు ఇచ్చారు. మెట్ల కిందికి పోయి చూస్తే సంచి లేదు. ఊడ్చేవాళ్లు తీశారో, ఎవరు పారేశారో. అడగొచ్చు. అడగాలంటే అది నాదని ఒప్పుకోవాలి. ఒక్కరోజులో రెండోసారి నోరు మూసుకోవడం మొదటిసారికన్నా సులువని అప్పుడే తెలిసింది.

బస్సు ఎక్కాం. ఆమె బత్తాయి ఒలిచి తొనలు నా చేతిలో పెడుతూ పోయింది. ఊరు దగ్గర పడుతుండగా, "అనుపల్లవి మంచిగ పట్టినవ్" అంది. మళ్లీ కాసేపటికి, "గొంగడేది రా?"

నేను షీల్డు వైపు చూశాను. ఆమె ఇంకో తొన నా చేతిలో పెట్టింది.

ఇంటి ముందు తాత కాచుకుని ఉన్నాడు. షీల్డు చూసి ఎగిరి గంతేసి, ఆ వెంటనే, "గొంగడేది?" అన్నాడు.

"బస్సుల మరిచిన. నేనే మరిచిన" అంది పంతులమ్మ.

"పాటలు గన్ని యాదికుంటయి, గొంగడి మరిచినవా? ఏం మనిషివి పంతులమ్మా!" తాత తను పోయేదాకా ఆ మాటతో ఆమెను ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. ఆమె ప్రతిసారీ "మతిమరుపు ముండను" అని నవ్వేది. నేను ప్రతిసారీ అక్కడే ఉండి, అన్నం మెతుకులు లెక్కపెట్టేవాణ్ని.

ఆ ఏడాదే పుస్తకం వచ్చింది. వాన పాట ఉంది. సంప్రదాయ కృతి, సేకరణ ఫలానా విద్వాంసుడు. పంతులమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చదివి, "స్వరం ఒక్కకాడ తప్పు రాసిండ్రు" అని పెన్సిలుతో దిద్దింది. ఆ తర్వాత ఎవరికీ ఏదీ పంపలేదు.

నేను కాలేజీలో చేరాక ఆ విద్వాంసుడికి ఉత్తరం రాశాను. జరిగిందంతా రాసి, చరణం కూడా జతచేశాను. జవాబు వచ్చింది. ఒక పల్లెటూరి బడి పంతులమ్మ ఇంతటి కృతి కట్టిందంటే నమ్మశక్యం కాదట. చరణం తర్వాత ఎవరో అతికించినట్టుందట. గొంగడి వంటి పదం శాస్త్రీయ కృతిలో ఒదగదట. కింద ఆశీస్సులు.

ఆ జవాబు జేబులో పెట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. అప్పటికి మంచానికి అతుక్కుపోయింది. "మాఫ్ చెయ్యి టీచర్" అన్నాను, ఇన్నాళ్లకు.

ఆమె తల నా వైపు తిప్పింది. "చేసిన అంటె అబద్ధమైతది. కోపమొచ్చింది. ఇంకసుత ఉంది. ఉండనీ." తర్వాత, "ఏడ్వకు, గొంతు పాడైతది. చరణం యాదికుందా? పాడు" అంది.

పాడాను. ఆ అర్రలో, ఒక్క మనిషి ముందు. అయిపోయాక కళ్లు మూసుకునే, "గాంధారం మీద గంత ఒణుకెందుకు రా? వాన అనుమానపడదా?" అంది. ఆమె నాకు చెప్పిన చివరి పాఠం అది. మరుసటి వానలకు ఆమె లేదు.

ఇక మొన్నటి సంగతి. ఎండాకాలం మొదట్లో నల్లగొండలో పిల్లల సంగీత పోటీ జరిగింది. ముఖ్య అతిథి, న్యాయనిర్ణేత ఎవరయ్యా అంటే ఆ విద్వాంసుడే. జుబ్బా అదే తెలుపు, జుట్టు కూడా దానికి తోడు వచ్చింది. అతిథిని సన్మానించే పని నిర్వాహకులు నాకు అప్పజెప్పారు. గురువులను గౌరవించడం నాకు అలవాటని ఎవరో చెప్పారట. నవ్వకండి.

నేను శాలువా కొనలేదు. మహబూబ్‌నగర్ దిక్కున ఒక ముసలాయన ఇంకా గొంగళ్లు నేస్తున్నాడని విని, పోయి రెండు తెచ్చాను. అచ్చమైన నల్ల ఉన్ని. చింతగింజల గంజి వాసన ఇంకా పోలేదు. కొత్త గొంగడి ఎంత గుచ్చుకుంటుందో కప్పుకున్నవాడికే తెలుస్తుంది. ఒకటి ఆయన భుజాల మీద కప్పాను. సభ అంతా చప్పట్లు. ఈ గడ్డ మీద కప్పిన గొంగడిని వేదిక మీద తీసి పక్కన పెట్టే ధైర్యం ఇప్పుడు ఏ అతిథికీ లేదు. రాష్ట్రం వచ్చి చేసిన మేలుల్లో అదొకటి.

మా పిల్లలు పదకొండు మంది. మొదటి పిల్ల వచ్చి, చిన్న గొంగడి ముక్క పరుచుకుని కూర్చుని, "మా పంతులమ్మ కట్టిన కృతి" అంది. పల్లవితో మొదలుపెట్టలేదు. విద్వాంసులు అప్పుడప్పుడు అనుపల్లవితో ఎత్తుకుంటారు గదా, మేం ఇంకో మెట్టు దిగి చరణంతో ఎత్తుకున్నాం. మధ్యలో ఎవరు ఏది మింగినా, ముద్ర ముందే బయటపడిపోవాలని.

"గొంగడి పరిచితిని, కూసుండి పోవే..."

ఆయన కళ్లు తెరిచాడు. రెండో పిల్లవాడూ అదే. మూడో పిల్లా అదే. నాలుగోవాడు గొంగడి పరుస్తుండగా ఆయన ఆగలేక, "బాబూ, నీకు ఇంకో కృతి రాదా?" అన్నాడు.

"వస్తయ్ సార్. మస్తుగ వస్తయ్" అన్నాడు వాడు. "అన్నీ మా పంతులమ్మయే. అన్నిట్ల గొంగడే ఉంటది."

ఆయన నా వైపు వంగాడు. చెమట పట్టిన మెడ ఎర్రగా కందింది. "అప్పుడు ఇది పాడిన పిల్లవాడు..."

"నేనే సార్. తెలియదన్నది నేను. నమ్మింది మీరు."

వేదిక మీద అయిదో పిల్ల గొంతు గాంధారం దగ్గర కాస్త కూడా వణకకుండా నిలిచింది. ఆయన ఎడమ చెయ్యి తనకు తెలియకుండానే మోకాలి మీద తాళం వేస్తోంది. కుడిచెయ్యి మెడ గోక్కుంటోంది. రెండూ మిశ్రచాపులోనే. మా కుంటి గొర్రె చూస్తే మెచ్చుకునేది.

"ఇంకా ఎంతమంది?" అన్నాడు.

"ఆరుగురే సార్" అన్నాను. రెండో గొంగడి నా భుజాల మీదే ఉంది. నాకూ గుచ్చుకుంటోంది. గోక్కోకుండా కూర్చున్నాను.